శబ్దం తీసేసిన ఓవర్

మూకండపల్లిలో జగన్నాథ్ బేకరీ గోడకున్న టీవీలో మళ్లీ ఆ మ్యాచే పెట్టారు. అది ప్రపంచ కప్పేమీ కాదు. కొన్నేళ్ల కిందట ఈ ఊరి మైదానంలోనే జరిగిన టెన్నిస్ బాల్ టోర్నమెంటు ఫైనల్. లోకల్ చానల్ వాళ్లు యూట్యూబ్‌లో పెట్టారు. చివరి ఓవర్లో గెలవడానికి రెండే రెండు పరుగులు కావాలి. బంతి అంచెట్టి మునెప్ప చేతిలో ఉంది. ఆరు బంతులు వేసి ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు మహానుభావుడు. హోసూరు నుంచి కృష్ణగిరి దాకా బ్యాటు పట్టిన ప్రతివాడూ ఆ ఓవర్ చూసినవాడే. ఎన్నిసార్లు చూసినా వాళ్లకు తనివి తీరదు.

ఆ ఆరు బంతులూ ఎదుర్కొన్నవాడు నళిని మొగుడు గోకుల్.

కంపెనీ బస్సు దిగి, నీలం కోటు మడిచి చేతి మీద వేసుకుని, కూతురికి బ్రెడ్డు కొందామని వచ్చిన నళిని మెట్టు దగ్గరే ఆగింది. లోపల పండగలా ఉంది. నలుగురూ టీ గ్లాసులు పట్టుకుని టీవీ వైపే చూస్తున్నారు.

"ఎవురేమన్నా చెప్పండప్పా, లోకనాథన్నకు ఆ సెల్వం సరిరాడు," అన్నాడు జగన్నాథ్, పఫ్‌లు ట్రేలో సర్దుతూ. "'బంతి ఆడ, బ్యాటు ఈడ, మన గోకుల్ యాడ?' ఇట్లాంటి మాట ఇంకొకడు అనమను, చూద్దాం!"

"దుప్పటి మాట మరిచిపోయినావా?" అని ఒకాయన లేచాడు. "గోకులన్న బోర్లా పడినప్పుడు 'అన్నకు నిద్రొచ్చింది, ఎవురైనా దుప్పటి తెండప్పా' అనలేదా సెల్వం? ఆ పొద్దు నేను గ్రౌండులోనే ఉండాను. నవ్వి నవ్వి కడుపు పట్టేసింది."

"నీకు బాల్ కనపడిందా ఆడ నుంచి?" అన్నాడు జగన్నాథ్.

"బాల్ ఎవురికి కనపడింది? షామియానా కింద కూర్చోని మైకులో వినేదే కదా."

ఇదీ వాళ్ల వాదన. లోకనాథ్ గొప్పా, సెల్వం గొప్పా. ఒకే మైకు పంచుకుని ఒకరి మీద ఒకరు పోటీ పడి జనాన్ని నవ్వించిన ఆ ఇద్దరు కామెంటేటర్లలో ఎవరిది పైచేయి అని ఏళ్ల తరబడి తేల్చుకోలేక చస్తున్నారు. ఎవరిని పట్టుకుని నవ్వించారన్నది వాళ్లకు లెక్కలో లేని సంగతి.

మూలన కూర్చున్న రక్షిత్ మాత్రం మూతి విరిచాడు. టోర్నమెంటుకు కెమెరాలూ సౌండూ చూసుకునే కుర్రవాడు. "ఇద్దురూ దండగే అన్నా. బాల్ పడేటప్పుడు నోరు మూసుకునేవాడే కామెంటేటర్. ఈళ్ల అరుపుల్లో బ్యాటుకు బాల్ తగిలిన సద్దు కూడా వినపడదు."

"నువ్వు మూసుకో ముందు," అన్నాడు జగన్నాథ్. అప్పుడు నళిని కనబడింది. మరొకరైతే టీవీ కట్టేసేవారు. జగన్నాథ్ మొహం ఇంకా విప్పారింది. "రాండక్కా! ఆదివారం గోకులన్నను మంచి షర్టు యేసుకోని రమ్మను. టోర్నమెంటు పండగ కదా, పెద్ద స్క్రీన్లో ఈ ఓవరే యేస్తారు. లోకన్న, సెల్వం ఇద్దురూ వస్తారు. గోకులన్నకు స్టేజీ మీద సన్మానం. శాలువా కాదక్కా, దుప్పటి!"

అందరూ నవ్వారు. చెడ్డవాళ్లు కారు. ఆమెకు జ్వరమొస్తే ఆటో పిలిచి ఎక్కించినవాళ్లే. అందుకే ఇంకా ఒళ్లు మండింది. శత్రువులైతే తిట్టి పోవచ్చు, వీళ్లనేం చేయాలి? బ్రెడ్డు అడగకుండానే వెనక్కి తిరిగింది.

ఇంట్లో గోకుల్ నైట్ షిఫ్టుకు బయలుదేరుతున్నాడు. గడప మీద కూర్చుని సేఫ్టీ బూట్లకు తాడు బిగిస్తున్నాడు. నందిత గోడకు ఆనుకుని హోంవర్కు చేసుకుంటోంది.

"ఆదివారం నీకు దుప్పటి కప్పుతారంట. నీకు తెలుసునా?" అంది నళిని.

"గిరన్న చెప్పినాడు."

"సరే అన్నావా?"

"ఆయప్ప కదా అంతా చేయించేది. రానంటే బాగుంటుందా? తమాషాకు చేస్తారు, అంతే."

గిరిప్రసాద్‌కు బాగలూరు రోడ్డులో హార్డ్‌వేర్ షాపుంది. తాతల కాలం నుంచి వ్యాపారస్థులు. ఆ ఫైనల్లో గోకుల్ ఆడిన జట్టుకు కెప్టెన్ ఆయనే. ఇప్పుడు టోర్నమెంటు మొత్తం ఆయన చేతిలోనే ఉంది. మైకులో బంతికొకసారి ఆయన షాపు పేరు వినబడుతుంది.

"నేను రాను," అంది నందిత, పుస్తకం లోంచి తల ఎత్తకుండా. "మా క్లాసులో నా డెస్కు మీద కర్చీఫు పరుస్తారు. మీ నాయినకు దుప్పటి అంటారు."

గోకుల్ బిగించిన ముడి విప్పాడు. మళ్లీ ముడి వేసుకున్నాడు. "పిల్లోళ్లు అంతే తల్లీ. పట్టించుకోవద్దు," అని టిఫిన్ బాక్సు తీసుకుని లేచాడు.

నళినికి ఆ బాక్సు లాక్కుని విసిరేయాలనిపించింది. ఈ మనిషికి కోపం రాదా? ఉప్పూ కారం తినడా? సందు మలుపులో ఎవరో అతన్ని పలకరించారు. "యాడ గోకులన్నా?" అని రాగం తీశారు. గోకుల్ నవ్వుతూ చెయ్యి ఊపి పోయాడు.

శనివారం నళినికి సెలవు. నందిత స్పెషల్ క్లాసుకు పోయింది. పొద్దున షిఫ్టు దిగి వచ్చిన గోకుల్ కళ్ల మీద తువ్వాలు వేసుకుని పడుకున్నాడు. ఉన్నది ఒకటే గది. చేటలో బియ్యం పోసుకుని కూర్చున్న నళిని, కాసేపటికి దాన్ని పక్కన పెట్టి ఫోను తీసింది.

నిజానికి ఆ ఓవర్ ఆమె ఎప్పుడూ చూడలేదు. విన్నదంతే. బస్సులో విన్నది, పెళ్లిళ్లలో విన్నది, పక్కింటి పిల్లల నోట విన్నది. వింటేనే కంపరం పుట్టేది కాబట్టి చూసే దాకా ఎప్పుడూ పోలేదు. ఇప్పుడు మాత్రం చూడాలనిపించింది. రేపు ఊరంతా చూసి నవ్వబోయేదేమిటో తనకు తెలియాలి. గోకుల్ లేస్తాడని శబ్దం పూర్తిగా తగ్గించేసింది.

మొదట ఆమెకు కనబడింది మొగుడి వయసు. బుగ్గలు లోపలికి పోయి, జుట్టు నుదుటి మీద పడుతూ, జెర్సీ ఒంటికి వదులై, ఇంకా కుర్రవాడిలా ఉన్నాడు. ఆ చివరి నుంచి మునెప్ప పరిగెత్తుకొచ్చాడు. పొట్టి మనిషి, కానీ చెయ్యి తిరిగినప్పుడు బంతి కనబడలేదు. గోకుల్ బ్యాటు ఊపాడు. బంతి కీపర్ చేతిలో పడింది.

రెండో బంతికి గోకుల్ బ్యాటు అడ్డం పెట్టాడు. బంతి పక్కకు దొర్లింది. అతను పరిగెత్తాడు. నోరు తెరుచుకుంది, రమ్మని కేకేస్తున్నాడు. రెండో చివర ఉన్నవాడు కదల్లేదు. అరచెయ్యి ఎత్తి అడ్డం పెట్టాడు. గోకుల్ వెనక్కి తిరిగాడు.

నళిని వేలితో వీడియో వెనక్కి జరిపింది. మళ్లీ చూసింది. అరచెయ్యి. ఆ చెయ్యి గిరిప్రసాద్‌ది.

మూడో బంతి తగల్లేదు. నాలుగోది బ్యాటు అంచుకు తగిలి వెనక్కి పోయింది. కీపర్ అటు పరిగెత్తుతున్నాడు. ఆటంటే ఏమిటో తెలియని నళినికి కూడా అక్కడ పరుగు ఉందని తెలిసింది. గోకుల్ సగం దూరం పైగా వచ్చేశాడు. గిరిప్రసాద్ బంతి వైపు చూడనే లేదు. తల వంచుకుని గ్లవ్ పట్టీ సవరించుకుంటున్నాడు. గోకుల్ మధ్యలో ఆగి, వెనక్కి పరిగెత్తి, బ్యాటు చాచి నేల మీద బోర్లా పడ్డాడు. అవుట్ మాత్రం కాలేదు. దుప్పటి తెమ్మని సెల్వం అన్నది సరిగ్గా ఇప్పుడే. బౌండరీ తాడు అవతల జనం నోళ్లు తెరుచుకున్నాయి, భుజాలు ఎగిరాయి. శబ్దం లేకపోతే నవ్వు ఎంత అసహ్యంగా ఉంటుందో నళిని ఆ రోజే చూసింది.

గోకుల్ లేచాడు. మోచెయ్యి గీసుకుపోయింది. దుమ్ము దులుపుకుని మళ్లీ బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు. ఐదోది, ఆరోది కాళ్ల దగ్గరే పడ్డాయి. ఎవరి తరమూ కాదు. అయిపోయాక గిరిప్రసాద్ అతని పక్కనుంచే నడుచుకుంటూ, అందరికీ కనబడేలా తల అడ్డంగా ఊపుతూ పోయాడు.

నళిని ఫోను బోర్లా పెట్టింది. ఇన్నాళ్లూ మొగుడు చేతకానివాడనే అనుకుంది. పైకి అనలేదు, మనసులో అనుకుంది. తన మీద తనకు వచ్చిన ఆ కోపం కూడా దీంట్లో కలిసింది.

మధ్యాహ్నం గోకుల్ లేచి మొహం కడుక్కుని వచ్చాడు. రాగి ముద్ద, ఆకుకూర పులుసు పెట్టింది. అతను ముద్దలో గుంట చేసి పులుసు పోసుకునే దాకా ఆగింది.

"నాలుగో బాల్‌కు నువ్వు పరిగెత్తినావు."

"ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు. చూసినాను. రెండో బాల్‌కూ పరిగెత్తినావు. ఆయప్ప చెయ్యి అడ్డం పెట్టినాడు."

"కెప్టెన్ వద్దన్నాడు. వద్దంటే వద్దే."

"ఎందుకు వద్దన్నాడు?"

గోకుల్ ముద్ద తుంచి పులుసులో అద్దాడు. "మునెప్ప బాల్ అట్లాంటిది. ముందర ఓవర్లో ఒకడికి మూతి మీద తగిలి నెత్తురు వచ్చింది. గిరన్న భయపడినాడు. పరిగెత్తితే ఈ పక్కకు వస్తాడు కదా. వస్తే మునెప్ప బాల్‌ను ఆయప్పే ఆడాల."

"నీకు లేదా భయం?"

"నాకు మాత్రం ఉండదా?"

"మరి ఇన్నాళ్లూ నోరెత్తలేదేం?"

"ఓడిపోయినాక కెప్టెన్ మీద చెప్తే సాకు అంటారు నళినీ. జట్టు మాట జట్టులోనే ఉండాల. ఆడేవాళ్లు ఎవురైనా అట్లే ఉంటారు."

"జట్టంట జట్టు! నిన్ను చూసి ఊరంతా నవ్వుతా ఉంటే ఆ జట్టు యాడ పోయింది? ఆయప్ప ఒక్క మాట అన్నాడా, రన్ ఉండింది, నేనే పోలేదు అని? పైగా నీకు దుప్పటి కప్పుతాడంట! సిగ్గుండాల ఆయప్పకు. నీకూ ఉండాల."

"సుమ్మనే ఉండు. గలాటా చెయ్యొద్దు. రేపొక్క పొద్దు. కప్పుతారు, నవ్వుతారు, అయిపోతాది."

"అయిపోదు," అంది నళిని. "మొన్న నా కూతురు చెప్పింది నీ చెవిలో పడలేదా?"

గోకుల్ సగం ముద్ద వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

ఆదివారం సాయంకాలానికి మైదానం నిండిపోయింది. స్టేజీ పక్కన పెద్ద స్క్రీన్, దాని పైన గిరిప్రసాద్ షాపు బ్యానరు. ముందు వరుస కుర్చీల్లో గిరిప్రసాద్, భార్య కోమల, కూతురు నేహ. ఆ పిల్ల నందిత ఈడుదే, జడలో మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. స్టేజీ మీద ఒక పళ్లెంలో గళ్ల దుప్పటి మడిచి పెట్టి ఉంది. దానికో పూలదండ కూడా. ఏర్పాట్లు ఘనంగానే చేశారు.

నళిని నందిత చెయ్యి పట్టుకుని నేరుగా రక్షిత్ బల్ల దగ్గరికి పోయింది. అతను సౌండ్ మిషను ముందు వైర్లు సర్దుతున్నాడు.

"రక్షితూ, ఆ ఓవర్ యేసేటప్పుడు శబ్దం తీసెయ్యి. మైకులు కూడా."

"ఏమక్కా! గిరన్న నన్ను చంపేస్తాడు."

"బేకరీలో నువ్వే కదా అన్నావు, బాల్ పడేటప్పుడు నోరు మూసుకోవాలని? టీ తాగేటప్పుడు అనే మాటేనా అది?"

రక్షిత్ తల గోక్కున్నాడు. ఆమె మొహం చూశాడు. పక్కనున్న నందితను చూశాడు. మళ్లీ వైర్ల మీదికి వంగాడు.

స్టేజీ మీద లోకనాథ్ మొదలుపెట్టాడు. గొంతు ఇంకా ఖంగుమంటోంది, అది ఒప్పుకోవాలి. పక్కన సెల్వం. ఇద్దరూ పాత పద్ధతిలోనే ఒకరినొకరు గిల్లుకుంటూ, గిరన్న పేరు మాటకొకసారి తలుచుకుంటూ, గోకుల్‌ను స్టేజీ ఎక్కించారు. ఇస్త్రీ చొక్కాలో గోకుల్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నవ్వు మొహం పెట్టుకున్నాడు.

"ఇప్పుడు చూద్దామప్పా ఆ ఓవర్! చూసినాక మీరే చెప్పాల, నేనా సెల్వమా!" అన్నాడు లోకనాథ్.

స్క్రీన్ మీద మునెప్ప పరిగెత్తుకొచ్చాడు. శబ్దం రాలేదు. లోకనాథ్ ఏదో అన్నాడు, మైకు పలకలేదు. వేలితో తట్టాడు. రక్షిత్ వైర్లు వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు. జనంలోంచి ఎవరో "గోకుల్ యాడ?" అని అరిచారు, నలుగురు నవ్వారు. రెండో బంతికి గోకుల్ పరిగెత్తాడు, అరచెయ్యి లేచింది. నవ్వు కొంచెం సన్నగిల్లింది.

చెవులకు పని లేనప్పుడు మనుషులు కళ్లు తెరుస్తారు. నాలుగో బంతికి గోకుల్ సగం దూరం దాటి వచ్చేసరికి ఒకాయన కుర్చీలోంచి లేచాడు. "రన్ ఉంది కదప్పా!" అన్నాడు. అది జగన్నాథ్. "గిరన్న యాల రాలేదు? ఏయ్, గ్లవ్ సరి చేసుకుంటా ఉండాడు చూడు!" ఎన్ని వందల సార్లు చూసి ఉంటాడో ఆ మనిషి. గోకుల్ బోర్లా పడితే ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆరో బంతి అయ్యే దాకా మైదానంలో ఒక్క మాట లేదు.

నళిని నందిత భుజం మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కుంది. చూశారా, అని అందరి మొహాల మీదా అరవాలనిపించింది.

అప్పుడు రక్షిత్ మైకుకు శబ్దం తిరిగి ఇచ్చాడు. ఇవ్వకుండా ఉంటే బాగుండేది.

లోకనాథ్‌కు గాలి ఎటు తిరిగిందో కనిపెట్టడానికి రెప్పపాటు చాలు. "అయ్యయ్యో! ఇన్నాళ్లూ మనం తప్పు మనిషిని పిలిచినామప్పా!" అన్నాడు. "నిద్రపోయింది గోకుల్ కాదు, గిరన్న! నిలబడే నిద్రపోయినాడు! ఈ దుప్పటి ఎవురిది?" మైదానం పగలబడి నవ్వింది. "గిరన్నది!" అని వంద గొంతులు అరిచాయి. సెల్వం పళ్లెంలోంచి దుప్పటి తీసి రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. గిరిప్రసాద్ కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు, మొహం నల్లబడింది. ఇంత సేపూ ఆయన షాపును పొగిడిన నోళ్లే ఇవి. నళినికి కడుపు చల్లబడినట్టే అయింది. బాగా అయింది, ఇంకా కావాలి, అనుకుంది.

ముందు వరుసలో నేహ రెండు చేతులతో మొహం కప్పుకుని తల్లి ఒడిలోకి వంగిపోయింది. పక్క కుర్చీల్లోని పిల్లలు అప్పుడే ఆ పిల్లను వేలితో చూపిస్తున్నారు.

గోకుల్ లోకనాథ్ చేతిలోంచి మైకు లాక్కున్నాడు. లాక్కున్నాడంటే నిజంగానే లాక్కున్నాడు. ఆయన తూలి పక్కకు జరిగాడు.

"నవ్వింది చాలు," అన్నాడు గోకుల్. ఆ గొంతు నళిని ఎప్పుడూ వినలేదు. "మునెప్ప బాల్ చూసి నేనూ భయపడినాను. గిరన్నా భయపడినాడు. నవ్వేవాళ్లలో ఎవురైనా లేచి రాండి. మునెప్పను పిలిపిస్తాను, బ్యాటు ఇస్తాను. ఒక్క బాల్‌కు నిలబడండి, చూస్తాను. లోకన్నా, నీకు నవ్వించేదానికి ఎవుడో ఒకడు కావాల. పోయిన నిమిషం దాకా నేను, ఇప్పుడు ఈయప్ప. ఎదురుగా బిడ్డ ఏడుస్తా ఉంది, కనపడలేదా? థూ! ఏం మనుషులప్పా మీరు."

మైకు పళ్లెంలో పడేసి మెట్లు దిగాడు. జనం దారి ఇచ్చారు. గిరిప్రసాద్ తల ఎత్తలేదు. ఆయన ఒప్పుకుంటాడని ఎవరూ ఆశించలేదు కూడా.

ముగ్గురూ మైదానం దాటి సిడ్కో ఫ్యాక్టరీల గోడ పక్కన నడుస్తున్నారు. వెనక పాటలేవో పెట్టారు. నళిని కొంతదూరం ఓర్చుకుంది. ఆ పైన ఆమె వల్ల కాలేదు.

"నీ కూతురు నవ్వులపాలైతే ఇన్నేళ్లూ రాని కోపం, ఆయప్ప కూతురు ఏడిస్తే వచ్చిందా నీకు? 'పట్టించుకోవద్దు తల్లీ' అని దీనికి చెప్పినావే, ఆ మాట ఆ పిల్లకు చెప్పకూడదా?"

"తప్పే," అన్నాడు గోకుల్. "ఆ పిల్ల మొహం కప్పుకుంటే నాకు మన పిల్లే కనపడింది నళినీ. నందిత ఎప్పుడూ నా ముందర అట్ల ఏడ్వలేదు. ఇంట్లో ఇది ఏడిస్తే నేను ఊరుకునేవాడినా?"

"ఇంట్లో ఏడ్చినాను నాయినా," అంది నందిత. ఫిర్యాదులా కాదు, మామూలుగానే అంది. "బాత్‌రూములో. కొళాయి తిప్పి పెట్టి ఏడుస్తాను. మీకు వినపడదు."

గోకుల్ ఆగిపోయాడు. నళిని కూడా ఆగింది. కొళాయి ఊరికే వదిలి నీళ్లు పారబోస్తావేమని ఆ పిల్లను ఎన్నోసార్లు తిట్టింది తనే.